కంప్రెసరునందు సైడ్‌చెయిన్ ప్రయోగము

విద్యార్థులారా! సంగీత సభలలో మృదంగ విద్వాంసుని మీరు చూచియే యుందురు. గాయకుడు సాహిత్యమును మెల్లగా పాడుచున్నంతసేపు ఆయన తన చేతి బలమును తగ్గించుకొనును. పాట నిలిచి తనియావర్తనము వచ్చినపుడు నిండుగా వాయించును. ఆయన చేయి మృదంగముపై నున్నను, చెవి గాయకుని కంఠముపై నుండును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొన్నచో నేటి పాఠము మీకు సులభముగా బోధపడును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక బహుమతి ప్రదానోత్సవమున ధ్వనియంత్రములను చూచుకొను పని నా కప్పగింపబడినది. విజేతల పేర్లు చదువుచుండగా వెనుక వాద్యసంగీతము వినిపింపవలెనని పెద్దలు కోరిరి. నేను సంగీతపు మీటను ఒకచోట నిలిపి యూరకుంటిని. చదువువారి కంఠము తగ్గినప్పుడెల్ల సంగీతమే పైకి వచ్చినది. సభ ముగిసిన పిదప వెనుక వరుసలో కూర్చున్న యొక తల్లి నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా అబ్బాయి పేరు చదివినారా అండి?" అని యడిగినది. పేరు చదువబడినది; ఆమెకు వినబడలేదు. తప్పు నాదే. ఆ ప్రశ్నయే నాచేత ఈ విషయమును నేర్పించినది.

మొదట కంప్రెసరనగా నేమో తెలిసికొందము. ధ్వనియందలి హెచ్చుతగ్గుల యంతరమును తగ్గించు సాధనమునకు కంప్రెసరని పేరు. ఇందు నాలుగు అమరికలు ముఖ్యములు. ఏ హద్దు దాటిన పిదప ధ్వనిని తగ్గింపవలెనో తెలుపునది థ్రెషోల్డు. ఏ పాళ్లలో తగ్గింపవలెనో తెలుపునది రేషియో. తగ్గించుటకు పట్టు కాలము ఎటాకు; ధ్వని హద్దునకు లోబడిన పిదప తిరిగి యథాస్థితికి వచ్చుటకు పట్టు కాలము రిలీజు. డిజిటల్ యంత్రములలో గరిష్ఠ పరిమితిని 0గా నెంచి, దానికి దిగువ నున్న ధ్వనిని ఋణసంఖ్యలతో చెప్పుదురు. ఇపుడు హద్దు −20 డెసిబెల్లు, రేషియో 4:1 అనుకొనుడు. −8 డెసిబెల్ల ధ్వని వచ్చినచో అది హద్దును 12 డెసిబెల్లు దాటినది. 12ను 4చే భాగింపగా 3 వచ్చును. కావున వెలుపలికి వచ్చు ధ్వని −17 డెసిబెల్లు. తగ్గింపు 9 డెసిబెల్లు.

కంప్రెసరు లోపల రెండు దారులు కలవు. మొదటి దారి ధ్వనిని వెలుపలికి కొనిపోవును; తగ్గించు భాగము, అనగా చేయి, ఈ దారిలో నున్నది. రెండవ దారి కొలుచు భాగమునకు, అనగా చెవికి, పోవును. ఈ ప్రక్కదారియే సైడ్‌చెయిను. అందు పోవు ధ్వని సభికులకు వినబడదు. ఎంత తగ్గింపవలెనో చేతికి తెలుపుటయే దాని పని. సాధారణముగా రెండు దారులందును ఒకే ధ్వని పోవును. ప్రక్కదారిలో వేరొక ధ్వనిని ప్రవేశపెట్టినచో చెవి యొకదానిని వినును, చేయి మరియొకదానిని తగ్గించును. మృదంగ విద్వాంసుడు చేయునది ఇదియే కదా!

ఇక ప్రయోగము. కంప్రెసరును సంగీతమునకు తగిలింపవలెను గాని మాటకు కాదు. ఆరంభకులు ఇచ్చటనే పొరపడుదురు. పిమ్మట మైక్రోఫోను ధ్వని ప్రతి నొకదానిని దాని సైడ్‌చెయిను ద్వారమునకు పంపవలెను. రేషియో 3:1 లేక 4:1, ఎటాకు సుమారు 20 మిల్లీసెకన్లు, రిలీజు సుమారు 500 మిల్లీసెకన్లుగా నుంచి, ఒకరిని మాటలాడుచుండుమని, హద్దును క్రమముగా దించుడు. తగ్గింపు 6 మొదలు 10 డెసిబెల్ల వరకు కనబడినపుడు ఆపుడు. 10 డెసిబెల్లు తగ్గిన ధ్వని మన చెవికి సుమారు సగము బిగ్గరగా తోచును.

రిలీజు మిక్కిలి తక్కువైనచో మాటమాటకు నడుమ సంగీతము ఎగసిపడుచు, ఆయాసపడువాని శ్వాసవలె వినబడును. మిక్కిలి ఎక్కువైనచో మాట ముగిసినను సంగీతము తిరిగిరాదు. సభామందిరమున మరియొక చిక్కు కలదు. లౌడుస్పీకరులనుండి వచ్చు సంగీతము మైక్రోఫోనులో పడి, సంగీతము తన్ను తానే అణచుకొనును. కావున మైక్రోఫోనును నోటికి దగ్గరగా నుంచి, ఆ పరధ్వనికంటె పైన హద్దును నిలుపవలెను.

ఈ విధానమునకు ఇతర ప్రయోజనములును కలవు. పెద్ద డోలును బాస్ వాద్యమును ఒకేసారి మ్రోగినపుడు మంద్రధ్వనులు కలగలిసి అస్పష్టమగును; డోలు దెబ్బను సైడ్‌చెయినునకు పంపి బాస్‌ను క్షణకాలము తగ్గించినచో దెబ్బ తేటపడును. పైన దోషమని చెప్పిన యెగసిపాటునే నృత్యసంగీతకారులు అలంకారముగా గ్రహించిరి. 2004లో వెలువడిన ఎరిక్ ప్రిడ్జ్ గారి 'కాల్ ఆన్ మీ' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మరియు వేరొక ధ్వనిని పంపక, అదే కంఠధ్వనిలో 5,000 మొదలు 8,000 హెర్ట్జుల భాగమును మాత్రము చెవికి హెచ్చుగా వినిపించినచో, శ, ష, స లు కర్ణకఠోరముగా పలికినపుడే తగ్గింపు కలుగును. దీనిని డీ-ఎస్సరందురు.

యంత్రము తనంతట తాను ముఖ్యమేదో యెరుగదు. చెవికి దేనిని వినిపింపవలెనో, చేతిచే దేనిని తగ్గింపవలెనో మనమే నిర్ణయింపవలెను. కావున మీట ముట్టుకొనుటకు ముందు, ఈ సభలో ఎవరి మాట ఎవరికి చేరవలెనని ప్రశ్నించుకొనుడు. పిమ్మట వెనుక వరుసకు పోయి కూర్చుండి వినుడు. మరుసటి సంవత్సరపు ఉత్సవమున నేనట్లే చేసితిని. పేర్లన్నియు చదువబడినవి, సంగీతమును సాగినది. సభ ముగిసిన పిదప ఎవరును నన్నేమియు అడుగలేదు.