ఆరోగ్య పాఠం: ఒక్క గ్లాసు బీరు అంటే ఎంత?



అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉన్న కుటుంబాలు మనలో ఇప్పుడు చాలా ఉన్నాయి. చలి ముదరక ముందే పిల్లల్ని చూసి రావాలని సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తల్లిదండ్రులు ప్రయాణమవుతారు. వెళ్లేముందు బి.పి., షుగరు మందులు రాయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు అక్కడి తిండి గురించి, చలి గురించి, విమానంలో కాళ్లు వాచడం గురించి అడుగుతారు. బీరు గురించి మాత్రం అడగరు. అయితే అక్కడ ఆ రెండు నెలలూ బేస్‌బాల్ పోటీలు ముగింపుకు వచ్చే కాలం, కొత్త బీర్లు వచ్చే కాలం కూడా. శనివారం సాయంత్రం పిల్లలు స్నేహితులతో కలిసి దగ్గరలోని పబ్బుకు వెళ్తారు, అమ్మానాన్నలను కూడా తీసుకువెళ్తారు. "ఒక్క బీరే కదా నాన్నా" అంటారు. ఆ ఒక్కటి ఎంత అన్నదే ఈ నెల పాఠం.

క్రాఫ్ట్ బీరు అంటే ఏమిటి?

బీరుకు కావలసినవి నాలుగే: నీళ్లు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అనే తీగకు కాచే పూలు, ఈస్టు. బార్లీలోని తీపిని ఈస్టు తిని ఆల్కహాలుగా మారుస్తుంది. హాప్స్ చేదును, వాసనను ఇస్తాయి.

అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం ఉండేది. ఆ తరువాత కొన్ని పెద్ద కంపెనీలే మిగిలి, దేశమంతటా ఒకే రకమైన పలుచని బీరు అమ్మేవి. 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న యాంకర్ అనే పాత బీరు కర్మాగారాన్ని కొని, పాత పద్ధతులలో బీరు చేయించారు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో సొంతానికి బీరు కాచుకోవడానికి అనుమతి వచ్చింది. అలా ఇంట్లో నేర్చుకున్నవారిలో కొందరు చిన్న కర్మాగారాలు పెట్టారు. 1980లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో సియెర్రా నెవాడా అలాగే మొదలైంది. 1970ల చివరలో దేశం మొత్తం మీద వందలోపు ఉన్న బీరు కర్మాగారాలు ఇప్పుడు 9 వేలకు పైగా ఉన్నాయి.

చిన్న కర్మాగారంలో, సొంత పద్ధతిలో, రకరకాల రుచులతో చేసే ఈ బీరునే క్రాఫ్ట్ బీరు అంటారు. చాలాచోట్ల బీరు కాచే పెద్ద పాత్రలు ఎదురుగా కనిపిస్తుండగానే బల్లలు వేసి అమ్ముతారు. పిల్లలతో వచ్చే కుటుంబాలు, బల్లమీద ఆటలు ఆడుకునేవారు, టీవీలో మ్యాచ్ చూసేవారు అక్కడ కలుస్తారు. మన ఊరి బార్ షాపును మనసులో పెట్టుకుని వెళ్లిన తల్లిదండ్రులకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇరుగుపొరుగు కలుసుకునే చోటు గనుకనే వారికి అది అంత ఇష్టం.

శరత్కాలపు బీర్లు

ఈ కాలానికి ప్రత్యేకమైన బీర్లు మూడు రకాలు.

1. మార్జెన్. ఇది జర్మనీ పద్ధతి. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఎండాకాలం బీరు చెడిపోతుంది గనుక మార్చిలో కాచి, చల్లని నేలమాళిగలలో దాచి, శరత్కాలంలో తాగేవారు. 1810లో బవేరియా యువరాజు పెళ్లితో మ్యూనిక్‌లో మొదలైన అక్టోబర్‌ఫెస్ట్ పండుగ పేరుతోనే అమెరికాలో దీనిని అమ్ముతారు. సాధారణంగా 5.5 నుండి 6 శాతం ఆల్కహాలు ఉంటుంది.

2. పచ్చి హాప్స్ బీరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో ఆగస్టు చివర, సెప్టెంబరులో హాప్స్ కోతలు జరుగుతాయి. కోసిన పూలను ఎండబెట్టకుండా వెంటనే బీరులో వేస్తారు. ఏడాదిలో కొద్ది వారాలే దొరుకుతుంది.

3. గుమ్మడి బీరు. గుమ్మడికాయ, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం వేస్తారు. తియ్యగా ఉంటుంది గనుక ఘాటు తెలియదు. వీటిలో కొన్ని 8 శాతం దాటి ఉంటాయి.

వీటితోపాటు ఏడాది పొడవునా ఐ.పి.ఎ. అనే చేదు బీరు ఉంటుంది. క్రాఫ్ట్ బీర్లలో ఎక్కువమందికి ఇష్టమైనది ఇదే. చాలావాటిలో 6 నుండి 7.5 శాతం ఆల్కహాలు ఉంటుంది. డబుల్ ఐ.పి.ఎ. అంటే 8 శాతం, అంతకు పైన.

బేస్‌బాల్‌తో ఏమి సంబంధం?

మనకు క్రికెట్ ఎలాగో వారికి బేస్‌బాల్ అలాగ. ఒక్కో జట్టు మార్చి చివరి నుండి సెప్టెంబరు చివరి వరకు 162 ఆటలు ఆడుతుంది. అక్టోబరులో వరల్డ్ సిరీస్ అనే ఏడు ఆటల చివరి పోటీ జరుగుతుంది, నాలుగు గెలిచినవారిదే విజయం. ఎందరో తెలుగువారు స్థిరపడిన టెక్సాస్‌లో హ్యూస్టన్ జట్టు 2022లో, డాలస్ పక్కన ఆడే టెక్సాస్ రేంజర్స్ జట్టు 2023లో గెలిచాయి. కొన్నేళ్లు మన దసరా, దీపావళి కూడా ఆ రోజుల్లోనే పడతాయి.

ఈ ఆటకు, బీరుకు పాత చుట్టరికం. మిల్వాకీ నగరం బీరు కర్మాగారాలకు పేరుపొందింది గనుక అక్కడి జట్టు పేరే బ్రూవర్స్, అంటే బీరు కాచేవారు. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ మైదానం 1995లో తెరిచినప్పుడు దాని లోపలే ఒక చిన్న బీరు కర్మాగారం పెట్టారు.

ఈ చుట్టరికం చెడిన రోజు కూడా ఉంది. 1974 జూన్ 4న క్లీవ్‌లాండ్‌లో జనాన్ని రప్పించడానికి గ్లాసు బీరు పది సెంట్లకే అమ్మారు. అది 3.2 శాతం పలుచని బీరే. ఒకసారికి ఆరు గ్లాసులు కొనవచ్చు, ఎన్నిసార్లయినా కొనవచ్చు. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో స్కోరు సమానంగా ఉండగా జనం మైదానంలోకి దూకి ఆటగాళ్ల మీద పడ్డారు. ఆట ఆపి, వచ్చిన జట్టును గెలిచినట్లు ప్రకటించారు. పలుచని బీరైనా లెక్క లేకపోతే ఇంత పని చేస్తుంది. నేటి క్రాఫ్ట్ బీరు చాలావరకు దానికంటే ఘాటైనది.

లెక్క ఇలా వేయాలి

ఆసుపత్రిలో మందు ఇచ్చేటప్పుడు "ఒక చెంచా" అంటే సరిపోదు. ఏ మందు, ఎన్ని మి.లీ., ఎంత మోతాదు అని చూస్తాము. బీరుకు కూడా అంతే. అమెరికాలో 14 గ్రాముల ఆల్కహాలును ఒక కొలతగా తీసుకుంటారు. లెక్క సులభం: మి.లీ.ను శాతంతో గుణించి, 0.8తో గుణించి, 100తో భాగిస్తే గ్రాములు వస్తాయి.

- మామూలు బీరు డబ్బా, 355 మి.లీ., 5 శాతం: 14 గ్రాములు. ఒక కొలత.
- పబ్బులో ఇచ్చే పింట్ గ్లాసు, 473 మి.లీ., 5 శాతం: 19 గ్రాములు. ఒకటింబావు దాటింది.
- అదే గ్లాసులో 7 శాతం ఐ.పి.ఎ.: 26 గ్రాములు. దాదాపు రెండు కొలతలు.
- 10 శాతం నల్లని స్టౌట్ బీరు, చిన్న గ్లాసు, 300 మి.లీ.: 24 గ్రాములు. ఒకటిన్నర దాటింది.
- రుచి చూడటానికి చెక్క పలకపై పెట్టి ఇచ్చే నాలుగు చిన్న గ్లాసులు, ఒక్కొక్కటి 150 మి.లీ., 6 శాతం: మొత్తం 29 గ్రాములు. రెండు కొలతలు.

మన దగ్గర దొరికే 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు సీసా 7 శాతం అయితే అందులో 36 గ్రాములు, అంటే రెండున్నర కొలతలు ఉంటాయి. "ఒక్క సీసా" అనేవారు కూడా ఈ లెక్క వేసుకోవచ్చు.

పబ్బు గోడమీది పలకపై ప్రతి బీరు పేరు పక్కన శాతం రాసి ఉంటుంది. అడిగినా చెబుతారు. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఆట ముగిసింది, కారు ఎవరు నడుపుతారు?

కాలేయం సుమారుగా గంటకు ఒక కొలతను మాత్రమే తొలగిస్తుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, చల్లగాలి దీనిని తొందరపెట్టలేవు. 7 శాతం బీరు రెండు గ్లాసులు తాగితే నాలుగు కొలతలు, అంటే దాదాపు నాలుగు గంటలు కావాలి.

ఆట ఎంతసేపు? 2022లో సగటున 3 గంటల 4 నిమిషాలు. 2023లో బంతి విసరడానికి గడియారం పెట్టాక 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. మైదానాలలో సాధారణంగా ఏడవ ఇన్నింగ్స్‌తో బీరు అమ్మకం ఆపేవారు. ఇల్లు చేరేలోపు మత్తు కొంత దిగుతుందని ఆ నియమం. ఆట తొందరగా ముగుస్తోందని ఆ ఏడాది కొన్ని జట్లు అమ్మకాన్ని ఎనిమిదవ ఇన్నింగ్స్ దాకా పొడిగించాయి. ఆట తగ్గినప్పుడు అమ్మకం ఇంకా ముందే ఆపాలి గదా అని ఫిలడెల్ఫియా ఆటగాడు మాట్ స్ట్రామ్ అప్పుడు బహిరంగంగా అడిగారు. నర్సులుగా మాకు ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది. చివరి గ్లాసుకు, కారు తాళానికి మధ్య ఎంత సమయం ఉందన్నదే ప్రాణాలతో ముడిపడిన సంగతి.

అక్కడ రక్తంలో ఆల్కహాలు 0.08 శాతానికి చేరితే కారు నడపడం నేరం. యూటా రాష్ట్రంలో 0.05 శాతమే. మన దేశంలో 0.03 శాతం దాటకూడదు. ఈ అంకె కంటే తక్కువగా ఉంటే క్షేమమని కాదు. చట్టం పట్టుకునే స్థాయికి ముందే చూపు, చేతి వేగం తగ్గుతాయి.

కనుక ఇంటినుండి బయలుదేరక ముందే నిర్ణయించుకోండి. నడిపేవారు ఆ సాయంత్రం అసలు తాగకూడదు. లేదా అద్దె కారు పిలుచుకోవాలి. "నువ్వు ఎన్ని తాగావు నాయనా, ఎంత శాతం?" అని అడిగే హక్కు వెనుక సీటులో మనవరాలిని ఒళ్లో ఆనించుకున్న అమ్మమ్మకు ఉంది.

మందులు వాడేవారు

- ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారికి ఆల్కహాలు వల్ల షుగరు బాగా పడిపోవచ్చు. రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబడే మాట చూసి, బీరు వాసన కూడా వస్తే "తాగి ఉన్నాడు" అనుకుని పడుకోబెడతారు. అది ప్రాణాంతకం. వెంటనే షుగరు పరీక్షించండి. స్పృహ ఉంటే పంచదార నీళ్లు ఇవ్వండి.
- నిద్రమాత్రలు, ఫిట్స్ మందులు, మత్తు కలిగించే జలుబు మాత్రలతో బీరు వద్దు.
- మెట్రోనిడజోల్ వాడేటప్పుడు, ఆ తరువాత మూడు రోజులు మద్యం వద్దు.
- కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఒక్క గుక్క కూడా తీసుకోకూడదు. యూరిక్ యాసిడ్ వల్ల కీళ్లవాపు ఉన్నవారికి బీరు నొప్పిని పెంచుతుంది.
- తాగడానికి వీలుగా మాత్ర మానేయడం అన్నిటికంటే చెడ్డ పని.

2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పూర్తిగా సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది. తాగనివారు మర్యాద కోసం మొదలుపెట్టనక్కరలేదు.

పేర్లు తెలుసుకోండి

రూట్ బీర్‌లో మద్యం ఉండదు, అది తీపి సోడా. అమెరికాలో ఆపిల్ సైడర్ అంటే ఆపిల్ రసమే, పిల్లలు కూడా తాగుతారు. "హార్డ్ సైడర్" అంటే పులియబెట్టినది, మద్యమే. ఏ పానీయం పేరు ముందు "హార్డ్" అని ఉన్నా ఆగి అడగండి. నాన్ ఆల్కహాలిక్ బీరులో అర శాతంలోపు ఆల్కహాలు ఉండవచ్చు. బల్ల దగ్గర కూర్చుని అందరితో ఆట చూడటానికి ఇవన్నీ చాలు.

తాగేవారు ముందు భోజనం చేయండి. ప్రతి గ్లాసుకు మధ్య ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఘాటైన బీరు చిన్న గ్లాసులో అడగండి. నిజంగా రుచి తెలిసినవారు నిదానంగానే తాగుతారు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

పిలిచినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ శ్వాసలు, శ్వాసల మధ్య పది సెకన్ల ఎడం, నీలిరంగు పెదవులు, చల్లబడిన ఒళ్లు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా విడవకండి. అమెరికాలో 911, మన దగ్గర 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో కలిసి జవాబు చెప్పుకోండి

1. 473 మి.లీ. గ్లాసులో 8 శాతం బీరు ఉంది. ఎన్ని గ్రాముల ఆల్కహాలు? ఎన్ని కొలతలు?
2. అలాంటివి రెండు తాగినవారు సాయంత్రం 7 గంటలకు మొదలుపెట్టి 10కి ఆట ముగిసిందని లేస్తే, కారు నడపవచ్చా?
3. మీ ఇంట్లో ఎవరు ఏ మాత్రలు వాడుతున్నారు? వాటిలో బీరుతో పడనివి ఏవి?

జవాబులు: 1. సుమారు 30 గ్రాములు, రెండు కొలతల పైన. 2. నడపకూడదు. ఒంట్లో ఇంకా ఒక కొలతకు పైగా మిగిలే ఉంటుంది. 3. మాత్రల చీటీ తీసి చూడండి. అర్థం కాకపోతే ప్రయాణానికి ముందే ఆ చీటీతో ఆసుపత్రికి రండి, కూర్చోబెట్టి వివరంగా చెబుతాము.