ట్రాక్టరు టైరుకు ఎంత గాలి?

ఒకప్పుడు మన చేలల్లో మడకే దున్నేది. మడకకు ఎద్దులు ఉండేవి. ఇప్పుడు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా చేలకు ట్రాక్టరే వస్తోంది. చెనక్కాయ చేను దున్నాలన్నా ట్రాక్టరే. చెరుకు తోలాలన్నా ట్రాక్టరే. సొంత ట్రాక్టరు కొందరికే ఉంటుంది. మిగిలినవాళ్లు గంటకు ఇంత అని బాడుగ ఇస్తారు.

ట్రాక్టరు వచ్చినప్పుడు మనం ఇంజను చూస్తాం. డీజిలు అడుగుతాం. టైరులో గాలి ఎంత ఉందో అడగం. కానీ ఆ గాలిని బట్టే బాడుగ పెరుగుతుంది, తగ్గుతుంది. పంట మీద కూడా దాని ప్రభావం ఉంటుంది.

గాలి టైరు ఎట్లా వచ్చింది?

మొదట్లో ట్రాక్టర్లకు ఇనుప చక్రాలు ఉండేవి. 1932లో అమెరికాలో అలిస్ చామర్స్ అనే కంపెనీ తన ట్రాక్టర్లకు గాలి నింపిన రబ్బరు టైర్లు వేసి అమ్మింది. ఆ టైర్లలో గాలి తక్కువగా ఉండేది. చేనిలో అవి బాగా పని చేశాయి. అప్పటినుంచి గాలి టైర్లు అన్ని దేశాలకూ పాకాయి.

గాలిని ఎట్లా కొలుస్తారు?

గాలిని గేజీతో కొలుస్తారు. గేజీ మీద అంకెలు ఉంటాయి. వాటిని పౌండ్లు అంటారు. గేజీ మీద పి.ఎస్.ఐ. అని రాసి ఉంటుంది. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు ఉన్న చోట గాలి ఎన్ని పౌండ్ల బరువుతో తోస్తుందో ఆ అంకె చెబుతుంది. అంకెలు వచ్చిన ఎవరైనా గేజీ చూడవచ్చు. దీనికి డ్రైవరే కానక్కర్లేదు.

చేనిలో మాటలు

ఒక అక్క చేనిలో ట్రాక్టరు దున్నుతోంది. వెనక చక్రం గిర్రున తిరుగుతోంది. బండి మాత్రం మెల్లగా పోతోంది.

"ఏం తమ్ముడూ, చక్రం ఉండే చోటే తిరుగుతా ఉండాది?"

"నేల గట్టిగా ఉండాది అక్కా."

"నిన్న పక్క చేనిలో బాగానే దున్నింది కదా. గాలి ఎంత పెట్టినావు?"

"రాత్రి చెరుకు లోడు తోలితిని. దానికి గట్టిగా పట్టిస్తిని."

"ఇప్పుడు చెరుకు లేదు గదా. గేజీ పెట్టి చూడు."

గేజీలో 20 ఉంది. డ్రైవరు రెండు వెనక టైర్లలోనూ గాలి 14కు తగ్గించాడు. టైరు కొంచెం వెడల్పుగా నేల మీద కూర్చుంది. చక్రం నేలను పట్టింది. బండి సాగింది.

అక్క గంటల లెక్కన బాడుగ ఇస్తోంది. చక్రం జారితే దుక్కి సాగదు. గంటలు మాత్రం నడుస్తాయి. ఆ డబ్బు అక్కదే పోతుంది. డీజిలు డ్రైవరుది పోతుంది. జారిన టైరు తొందరగా అరుగుతుంది.

గాలి ఎక్కువైతే ఏమవుతుంది?

గాలి ఎక్కువైతే టైరు బిర్రుగా ఉబ్బుతుంది. నడిమి భాగమే నేలను తాకుతుంది. చక్రం జారుతుంది. బరువంతా కొంచెం చోటులోనే పడుతుంది. పైమట్టి అణిగి గట్టిపడుతుంది.

మన ఎర్ర నేలలు వాన పడి ఎండితే ముందే గట్టిగా అవుతాయి. చెనక్కాయ పువ్వు నేలపైన పూస్తుంది. తరువాత ఊడ కిందికి దిగుతుంది. ఊడ మట్టిలోకి పోతేనే కాయ అవుతుంది. తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి నారాయణి, ధరణి లాంటి మంచి రకాలు వచ్చాయి. ఎంత మంచి రకమైనా మట్టి గుల్లగా లేకపోతే ఊడ దిగడం కష్టం.

తడి ఆరని చేనిలో ట్రాక్టరు దించకూడదు. బండి బరువుకు లోపలి మట్టి కూడా అణిగిపోతుంది. గాలి తగ్గించినా ఆ లోతు నష్టం పూర్తిగా ఆగదు.

గాలి తక్కువైతే ఏమవుతుంది?

తక్కువ గాలి మంచిదని మరీ తీసేయకూడదు. టైరు పక్కలు నలుగుతాయి, పగుళ్లు వస్తాయి. టైరు రిమ్ము మీద జరిగితే ట్యూబు మౌతు తెగుతుంది. ఆ గాలితోనే లోడు వేసుకొని రోడ్డు మీద పోతే టైరు బాగా వేడెక్కి పాడవుతుంది.

ఎంత ఉండాలి?

చాలా ట్రాక్టర్లకు ఈ అంకెలు సరిపోతాయి.

దుక్కిలో వెనక టైరుకు: 12 నుంచి 14 పౌండ్లు.
రోడ్డు మీద లోడు తోలేటప్పుడు వెనక టైరుకు: 16 నుంచి 18 పౌండ్లు.
ముందు చిన్న టైరుకు: 24 నుంచి 30 పౌండ్లు.

ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందే బండ్లు ఉన్నాయి. వాటి ముందు టైర్లు పెద్దవి. వాటి అంకెలు వేరు. ట్రైలరు టైర్ల అంకెలూ వేరే. బండితో వచ్చిన పుస్తకంలో ఏ అంకె ఉందో అదే సరైనది. దాన్నే పాటించాలి.

జాగ్రత్తలు

1. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. నడిచిన టైరు వేడెక్కి అంకె ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయకూడదు.
2. కుడి టైరుకు, ఎడమ టైరుకు ఒకే అంకె ఉండాలి. తేడా ఉంటే బండి ఒరుగుతుంది. గట్ల మీద, వాలు మీద అది ప్రమాదం.
3. దుక్కి అయ్యాక రోడ్డు ఎక్కి లోడు తోలేముందు మళ్లీ గాలి పట్టించాలి.
4. కొందరు పట్టు కోసం వెనక టైరులో ముప్పాతిక వంతు నీళ్లు నింపుతారు. అప్పుడు మౌతును పైకి తెచ్చి గాలి చూడాలి.
5. గాలి పట్టేటప్పుడు టైరు పక్కకు ఎదురుగా నిలబడకూడదు. టైరు పగిలితే ప్రాణం పోవచ్చు. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.
6. మౌతుకు మూత ఉండాలి. లేకపోతే మట్టి చేరి గాలి పోతుంది.

కొత్త మాటలు

గేజీ – గాలిని కొలిచే పరికరం
మౌతు – ట్యూబుకు గాలి ఎక్కించే గొట్టం
ఊడ – చెనక్కాయ పువ్వు నుంచి మట్టిలోకి దిగే కాడ

ఆలోచించండి, చెప్పండి

1. చెరుకు తోలిన ట్రాక్టరు నేరుగా దుక్కికి వస్తే మొదట ఏమి అడగాలి?
2. గాలి పొద్దున్నే ఎందుకు చూడాలి?
3. చెనక్కాయ చేనిలో మట్టి గుల్లగా ఎందుకు ఉండాలి?

లెక్క చేయండి

ఒక చేను దున్నడానికి 4 గంటలు చాలు. చక్రం జారినందువల్ల 5 గంటలు పట్టింది. గంటకు బాడుగ 1,000 రూపాయలు అనుకుందాం. ఎంత డబ్బు ఎక్కువ ఇచ్చినట్టు? ఆ డబ్బుతో మీ ఇంటికి ఏమేమి కొనవచ్చు? రాయండి.

చేసి చూడండి

ఈసారి ట్రాక్టరు మీ చేనికి వచ్చినప్పుడు గేజీ అడగండి. నాలుగు టైర్ల అంకెలు చదవండి. మీ పుస్తకంలో రాసుకోండి. పక్క చేను అక్కకు కూడా చూపించండి.