మధుమేహ రోగులు – కంటిపై నుండు సూక్ష్మక్రిములు

ఆరోగ్యవంతుని కంటిపై సూక్ష్మక్రిములు లేవని పలువురు తలంతురు. అది నిజము కాదు. చర్మముపై వలెనే, రెప్పల అంచులందును, తెల్లగ్రుడ్డును కప్పియుండు పలుచని పొరమీదను బాక్టీరియా అను క్రిములు నిత్యము నివసించుచుండును. వీనిలో ముఖ్యమైనది స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. సామాన్యముగా ఇవి హాని చేయవు.

కంటికి గల రక్షణ

రెప్పపాటు కంటిని తుడుచును, కన్నీరు కడుగును. కన్నీటిలో లైసోజైము అను పదార్థము కలదు. ఇది కొన్ని క్రిముల పైగోడను ఛేదించి వానిని చంపును. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగు దీనిని లోకమునకు తెలిపెను. నల్లగ్రుడ్డుపై పొర చెక్కుచెదరకున్నంతవరకు క్రిములు లోనికి చొచ్చుట కష్టము.

మధుమేహమున కలుగు మార్పులు

రక్తమున చక్కెర హెచ్చినచో కన్నీటియందును హెచ్చును. క్రిములను మ్రింగు తెల్లరక్తకణముల శక్తి సన్నగిల్లును. కన్ను పొడిబారవచ్చును. నల్లగ్రుడ్డునకు స్పర్శజ్ఞానము మందగించుటచే నలుసు పడినను రోగి యెరుగకపోవచ్చును. గాయము త్వరగా మానదు. దూదిపుల్లతో కంటిపొరను తుడిచి క్రిములను పెంచి చూచిన పలు పరిశీలనలలో, ఇతరులకన్న మధుమేహ రోగులయందే అవి తరచుగా కనబడినవి.

శుక్లము తీయించుకొను వేళ

మధుమేహ రోగులకు శుక్లము ముందుగా వచ్చుట కద్దు. ఆపరేషనులో కంటికి గాటు పెట్టుట, మూసిన తలుపు తెరచుట వంటిది. పిమ్మట కంటిలోపల చీము పట్టుట అరుదే. కాని పట్టినచో చూపు పోవచ్చును. ఆ క్రిములు పెక్కుసార్లు రోగి రెప్పలనుండి వచ్చినవే. అందుచే వైద్యులు ఆపరేషనుకు ముందు నూటికి 5 పాళ్ల పోవిడోన్ అయొడిన్ ద్రావణముతో కంటిని శుద్ధిచేయుదురు. ఇది వైద్యులు చేయవలసిన పని, ఇంటివద్ద చేయరాదు.

పాటించవలసిన నియమములు

1. మధుమేహమున్న సంగతి కంటివైద్యునికి ముందే చెప్పవలెను. చక్కెరను అదుపులో నుంచుకొనవలెను.

2. చుక్కలమందు వేయుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. సీసామొన కంటికి గాని, రెప్పకు గాని తగులరాదు. ఒకరి మందు మరొకరు వాడరాదు.

3. ఆకుపసరు, చనుబాలు, తేనె మున్నగునవి కంటిలో వేయరాదు.

4. వైద్యుడు చెప్పనిదే క్రిమిసంహారకపు చుక్కలు వాడరాదు. వాడినచో మందునకు లొంగని క్రిములు ప్రబలును.

5. ఆపరేషను తరువాత నొప్పి, ఎరుపు, పుసి, చూపు మసక – వీనిలో ఏది హెచ్చినను, మరునాటివరకు ఆగక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

నొప్పి లేదుకదా యని ఉపేక్షింపరాదు. మధుమేహ రోగి కన్ను తన బాధను ఆలస్యముగా తెలుపును. కావున అట్టివారు ఏ బాధయు లేకున్నను ఏటేట కంటిపరీక్ష చేయించుకొనవలెను.