సైక్రోమెట్రీ: తేమ గాలి, ఏసీ ప్రక్రియలు
(ఏఈ, ఏఈఈ మెకానికల్ అభ్యర్థులకు)

ముఖ్యాంశాలు
• సైక్రోమెట్రీ: పొడి గాలి, నీటి ఆవిరి మిశ్రమం ధర్మాల అధ్యయనం.
• సాపేక్ష ఆర్ద్రత: గాలిలోని ఆవిరి పీడనానికి, అదే ఉష్ణోగ్రత వద్ద సంతృప్త ఆవిరి పీడనానికి గల నిష్పత్తి.
• విశిష్ట ఆర్ద్రత: కిలో పొడి గాలితో ఉన్న ఆవిరి ద్రవ్యరాశి. సూత్రం: 0.622 × ఆవిరి పీడనం ÷ పొడి గాలి పీడనం.
• డ్యూ పాయింట్: గాలిని చల్లబరిచేటప్పుడు ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత.
• అసంతృప్త గాలిలో: డ్రై బల్బ్ > వెట్ బల్బ్ > డ్యూ పాయింట్. సంతృప్త గాలిలో మూడూ సమానం. (తరచూ అడిగేది)
• ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద పొడి గాలి కంటే తేమ గాలి తేలిక. అణుభారాలు: నీరు 18, పొడి గాలి సుమారు 29.

ప్రక్రియలు
• సెన్సిబుల్ హీటింగ్: విశిష్ట ఆర్ద్రత, డ్యూ పాయింట్ మారవు, సాపేక్ష ఆర్ద్రత తగ్గుతుంది.
• సెన్సిబుల్ కూలింగ్: విశిష్ట ఆర్ద్రత మారదు, సాపేక్ష ఆర్ద్రత పెరుగుతుంది.
• కూలింగ్, డీహ్యూమిడిఫికేషన్: కాయిల్ ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ కంటే తక్కువ ఉండాలి. ఏసీ పైపు నుంచి కారేది ఇలా గాలిలోని ఆవిరి నుంచి ఏర్పడిన నీరే.
• ఎవాపరేటివ్ కూలింగ్ (ఎయిర్ కూలర్): వెట్ బల్బ్ ఉష్ణోగ్రత దాదాపు స్థిరం, గాలి అంతకంటే చల్లబడదు. తేమ ఎక్కువైతే అది డ్రై బల్బ్‌కు దగ్గరగా ఉంటుంది, అందుకే ఉక్కపోత ఎక్కువగా ఉండే విశాఖలో కూలర్ ప్రభావం తక్కువ.

లెక్క: 30 డిగ్రీల సెల్సియస్, 50% సాపేక్ష ఆర్ద్రత; సంతృప్త పీడనం 4.25, వాతావరణ పీడనం 101.3 కిలోపాస్కల్. ఆవిరి పీడనం 2.125, విశిష్ట ఆర్ద్రత 0.622 × 2.125 ÷ 99.175 = కిలోకు 13.3 గ్రాములు.

బిట్లు
• ఆధునిక ఏసీ రూపకర్త: విల్లిస్ క్యారియర్, 1902, అమెరికా.
• 1 టన్ను రిఫ్రిజరేషన్: సుమారు 3.5 కిలోవాట్లు, నిమిషానికి 210 కిలోజౌళ్లు.

గమనిక: ఏ ప్రక్రియలో ఏది స్థిరమో పట్టిక వేసుకుని బట్టీపట్టండి, ప్రశ్నలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి.