అనౌన్సర్, ప్రయోక్త, వ్యాఖ్యాత: ఎవరి పని ఏది?

నలుగురికీ వినబడేలా కబురు చెప్పేవారికి తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. ఊళ్లో డప్పు కొట్టి ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా’ అని ఎత్తుకునేవాడు చాటింపు వేసేవాడు. దండోరా, టముకు అన్నా ఆ పనే. ముందు డప్పు, తర్వాతే మాట. జనం చెవి ఇటు తిరగనిదే విషయం చెప్పి లాభం లేదు.

రేడియో వచ్చాక ఈ పని చీలిపోయింది. కార్యక్రమం పేరు, వేళ చెప్పి తప్పుకునేవారు అనౌన్సర్. కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపించేవారు ప్రయోక్త. ఎదుట జరుగుతున్నదాన్ని మాటల్లో చూపించేవారు వ్యాఖ్యాత. భద్రాచలం సీతారామ కల్యాణాన్ని ఆకాశవాణి శ్రోతలకు అలా చూపించినవారు ఉషశ్రీ. న్యూస్ రీడర్ మాత్రం రాసిచ్చింది మార్చకూడదు. 1983లో హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టిన శాంతిస్వరూప్‌ది ఆ కోవ. ఇప్పుడు టీవీలో అందరినీ యాంకర్ అనేస్తున్నారు. కాబట్టి ఉద్యోగ ప్రకటనలో హోదా కన్నా చేయాల్సిన పనులే ముందు చదవాలి.

ముందే సిద్ధం చేసిన మాటకూ అప్పటికప్పుడు చెప్పే మాటకూ ఉన్న తేడా సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్ ప్రాంతంలో చెవిన పడుతుంది. 1999 నవంబరు 6న మొదలైన అక్కడి ఎల్‌ఆర్‌టీ (తేలికపాటి రైలు) బండికి డ్రైవర్ ఉండడు. స్టేషన్ పేరు పలికేది రికార్డు చేసిన గొంతు, అంటే వాయిస్ ఆర్టిస్టు పని. బండి ఆగిపోయిన రోజు అప్పటికప్పుడు మైకు పట్టాల్సింది సిబ్బంది. మొదటిదానికి తీరికగా దిద్దుకున్న ఉచ్చారణ కావాలి, రెండోదానికి నిబ్బరం కావాలి. సింగపూర్ అధికార భాషలు ఇంగ్లిష్, చైనీస్, మలయ్, తమిళం. వాటిలో తెలుగు లేదు కనుక అక్కడి తెలుగు యువతకు ఈ ఉద్యోగాల్లో అక్కరకొచ్చేది ముఖ్యంగా ఇంగ్లిషే. తెలుగు గొంతుకు సాధన వేదిక ఉగాది వంటి సభల్లో దొరుకుతుంది. అలాంటి సభలకు అక్కడ 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం ఉంది.

ఆకాశవాణి తాత్కాలిక అనౌన్సర్లను రాత పరీక్ష, గొంతు పరీక్ష పెట్టి తీసుకుంటుంది. శ, ష, స తేడా, ణ, ళ పలుకు అక్కడ తేలిపోతాయి. ఊరి పేర్లు స్థానికులు పలికినట్టే పలకాలి. పేరు అర్థం తెలుసుకోవడమూ మేలే: మలయ్‌లో బుకిట్ అంటే కొండ, పంజాంగ్ అంటే పొడవైన. అర్థం తెలిస్తే రెండు మాటల మధ్య ఎక్కడ ఆగాలో నోటికి దానంతటదే తెలుస్తుంది. ఇంట్లో సాధనకు ఒక ఆలస్య ప్రకటన రాసుకుంటే చాలు: ఏ బండి, ఎంతసేపు, వేరే దారి ఏది. దాన్ని పక్క గదిలోని మనిషి ఒక్కసారి విని తిరిగి చెప్పగలిగేదాకా చదవాలి.