తియ్యటి నీళ్లన్నీ తాగదగ్గవేనా?

ప్రశ్న: మాది చంద్రశేఖరపురం. మా బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయని ఇంగ్లిష్ వ్యాసంలో 'ప్యాలటబుల్' అని రాస్తే టీచర్ కొట్టేశారు. నీళ్లు తియ్యగానే ఉంటాయి కదా, తప్పేమిటి?
– ఇంటర్ విద్యార్థిని

జవాబు: 'ప్యాలటబుల్' అంటే నోటికి హితవుగా ఉన్నది, అంతేనమ్మా. అద్భుతమైన రుచికి 'డెలీషియస్' ఉంది. జనానికి మింగుడుపడే నిర్ణయాన్నీ ప్యాలటబుల్ అంటారు. తాగితే హాని చెయ్యనిది 'పోటబుల్'. మన పశ్చిమ ప్రకాశంలో ఈ తేడా ఒంటిమీదికి వచ్చే సంగతి. బోరు నీళ్లలో కలిసుండే ఫ్లోరైడ్‌కు రుచీ వాసనా ఉండవు. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు పాడవుతాయి. కాచినా పోదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించేదాకా 'పోటబుల్' అనీ రాయొద్దు. ఇంట్లో ఎవరికైనా పళ్లకు గార పట్టినా, కీళ్లు బిగుసుకుపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి.