స్కానింగ్ రంగంలో గ్రాంటు కావాలా? ముందు ఆడిట్ చేయండి

అల్ట్రాసౌండ్‌లో పరిశోధన చేయాలంటే డబ్బు ఎవరిస్తారు? రేడియాలజీ పీజీ మీద కన్నేసిన ఎంబీబీఎస్ విద్యార్థులూ, ఇమేజింగ్ టెక్నాలజీ చదివేవారూ సాధారణంగా ముందు అడిగేది ఇదే. ఇచ్చే సంస్థలు ఉన్నాయి. కానీ మీరు చెబుతున్న సమస్య నిజంగా ఉందనడానికి మీ ఆసుపత్రి లెక్కలేమిటో వాళ్లు చూస్తారు. ఆ లెక్కలు క్లినికల్ ఆడిట్‌లో దొరుకుతాయి. తెలియని సంగతి తేల్చేది పరిశోధన అయితే, తెలిసిన ప్రమాణాన్ని మనం పాటిస్తున్నామో లేదో చూసుకునేది ఆడిట్. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రంగంలోకి వచ్చేవారు ఆడిట్‌తో మొదలుపెడితేనే గ్రాంటు దాకా వెళ్లగలరన్నది నా వాదన.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలలు నిండిన గర్భిణికి స్కాన్ చేసినప్పుడు బిడ్డ తల, పొట్ట, తొడ ఎముక కొలతల నుంచి మెషిన్ బరువును అంచనా కట్టి గ్రాముల్లో చూపిస్తుంది. చాలా మెషిన్లలో ఆ లెక్కకు ఆధారం 1980లలో హాడ్‌లాక్ బృందం అమెరికాలో తయారుచేసిన సూత్రాలు. అసలు బరువు ప్రసవమయ్యాక లేబర్ రూమ్ రిజిస్టర్‌లో పడుతుంది. ఈ రెండు కాగితాలూ వేర్వేరు గదుల్లో ఉంటాయి, కలిపి చూసేవారు అరుదు. ప్రసవానికి ముందు వారం లోపు జరిగిన స్కాన్లను తీసుకుని, అంచనా అసలు బరువుకు 10 శాతం అటూఇటూలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే అది ఆడిట్. తక్కువ బరువు బిడ్డల దగ్గరే తేడా ఎక్కువని తేలితే, లోపం సూత్రానిదా, కొలిచే చేతిదా అన్నది పరిశోధన ప్రశ్న అవుతుంది. ఇలాంటిదే మరొకటి: పిండంలో లోపాలు చూసే స్కాన్‌కు 18 నుంచి 20 వారాలు సరైన సమయం. 2021లో సవరించిన చట్టం కొన్ని వర్గాల మహిళలకు గర్భస్రావ గడువును 24 వారాలకు పెంచింది, కాబట్టి స్కాన్ ఆలస్యమైతే నిర్ణయానికి మిగిలే రోజులు తగ్గిపోతాయి. కర్నూలు పల్లెల నుంచి మిరప కోతలకు వలస వచ్చే కూలీ మహిళల్లో ఎంతమందికి ఆ స్కాన్ సమయానికి అందుతోంది? దీనికి జవాబు గుంటూరులో తప్ప హైదరాబాద్‌లో దొరకదు. స్థానిక ప్రశ్నకు విలువ ఉండదనుకునేవారు 1937 నాటి ఫ్లోరోసిస్ పరిశోధనను గుర్తు చేసుకోవాలి. మన దేశంలో ఆ జబ్బును శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి పత్రాల్లో ఒకటి నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే వచ్చింది. ఆ ప్రాంతంలో కొంత తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసింది.

ఇక డబ్బు సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు రెండు నెలల స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ నడుపుతోంది. పీజీ థీసిస్‌లకూ ఆర్థిక సాయం ఇస్తోంది. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆ కాలాన్ని ఆడిట్‌కు వాడుకోవచ్చు. రేడియాలజిస్టుల సంఘం ఐఆర్ఐఏ చేపట్టిన ‘సంరక్షణ్’ కార్యక్రమం గర్భిణుల డాప్లర్ స్కాన్ల ద్వారా శిశు మరణాలు తగ్గించాలని బయలుదేరింది. రోజువారీ స్కాన్ల సమాచారం నుంచే పరిశోధన పత్రాలు పుడతాయని అది చూపించింది. ఆడిట్‌కు పెద్ద ఖర్చు లేదు, రెండు రిజిస్టర్లను కూర్చుని కలిపే మనిషి సమయమే అసలు ఖర్చు. నా లెక్కలో తొలి గ్రాంటు మెషిన్ కోసం కాకుండా ఆ మనిషి జీతం కోసం అడగడమే తెలివైన పని.

రోజంతా స్కాన్లతోనే సరిపోతుంటే ఆడిట్‌కు తీరిక ఎక్కడిదంటారు. నిజమే. అందుకే అన్ని కేసులూ కాక, ఒక నెలలో ఒకే ప్రశ్నకు సంబంధించినవి చూడాలి. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద గర్భిణి స్కాన్‌కు నింపే ఫారం-ఎఫ్‌లో లోపాన్ని కూడా ఉల్లంఘనగానే చూస్తారు, 2019లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలాంటప్పుడు రికార్డులు తెరిచి తప్పులు బయటపెట్టడమెందుకని వైద్యులు వెనకాడతారు. కానీ ఆడిట్‌కు పేర్లు అక్కర్లేదు, సంకేత సంఖ్యలు చాలు. పైగా తనిఖీ అధికారి కన్నా ముందు తన లోపాన్ని తానే పట్టుకున్న కేంద్రానిదే భద్రమైన స్థితి. సంస్థలో నాణ్యత కోసం చేసే ఆడిట్లకు ఎథిక్స్ సమీక్ష నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి, అయితే ఆ మినహాయింపు నిర్ణయించేది మీరు కాదు, ఎథిక్స్ కమిటీ. పదోన్నతి కోసం పనికిరాని పత్రాలు పెరిగిపోయాయన్న ఫిర్యాదూ ఉంది, అదీ న్యాయమే. ఆడిట్‌కు గీటురాయి ఒక్కటే: లోపం సరిదిద్దాక మళ్లీ లెక్కించారా? మళ్లీ లెక్కించనిది సగం పనే.

టెక్నాలజీ విద్యార్థులు ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. బ్రిటన్‌లో సోనోగ్రాఫర్లు స్వయంగా స్కాన్ చేసి రిపోర్టు ఇస్తారు. ఇక్కడ గర్భిణి స్కాన్ అర్హత గల రిజిస్టర్డ్ వైద్యుడి పనే, దాని మీద ఆశ పెట్టుకోకండి. కానీ ఆసుపత్రులకు ఇచ్చే ఎన్ఏబీహెచ్, ఎన్‌క్యూఏఎస్ నాణ్యత గుర్తింపులకు ఆడిట్లు తప్పనిసరి. డేటా శుభ్రంగా నమోదు చేసి పట్టికలు కట్టగలవారికి ఆసుపత్రుల క్వాలిటీ విభాగాల్లోనూ, పరిశోధన ప్రాజెక్టుల్లోనూ పని దొరుకుతుంది. ఎంబీబీఎస్‌లో ఉంటే, స్టూడెంట్‌షిప్ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే గైడ్‌ను ఒప్పించి, ఎథిక్స్ కమిటీ ఎప్పుడు సమావేశమవుతుందో కనుక్కోండి.